తౌడమ్మ చెవులకు నూటికి నూరు

జిల్లాలో ఇకమీదట చెవిటివాళ్లు ఉండబోరన్న సంగతి దాలినాయుడికి ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు సర్క్యులర్ రూపంలో తెలిసింది.

అప్పటికతను జిల్లా ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తూ ఇరవై ఏడేళ్లు పూర్తి చేశాడు. మేడమీద వరండా చివర, విరిగిన స్ట్రెచర్లు దాటి వెళితే అతని గది. నిజానికి అవి రెండు గదులు, మధ్యన ఒక అద్దం. అద్దానికి అవతల గదికి జానెడు మందం తలుపు, గోడల నిండా చిల్లుల అట్ట, మధ్యలో ఒక కుర్చీ. ఊరివాళ్లు దాన్ని మూగగది అంటారు. ఇవతల గదిలో బల్ల, బల్లమీద యంత్రం, యంత్రం ముందు దాలినాయుడు.

చూడడానికి తేలికపాటి పని. వచ్చినవాళ్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "చప్పుడు వినపడితే వేలెత్తు" అని చెప్పి, తలుపు మూసి, ఇవతల కూర్చుని మీట నొక్కడం. ఏ చప్పుడు దగ్గర వేలు లేవడం మానేస్తుందో అక్కడ చుక్క పెట్టడం. కాని అందులో కిటుకంతా మీట నొక్కే చేతిది కాదు, మిగతా ఒంటిది. మీట నొక్కేటప్పుడు భుజం కదలకూడదు. తల ఎత్తకూడదు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఒకే తీరున ఉండకూడదు. ఎందుకంటే మనిషి చెవితో మాత్రమే వినడు. ఎదుటివాడి భుజాన్ని చూసి వింటాడు, అలవాటు కొద్దీ వింటాడు, వినాలన్న ఆశకొద్దీ వింటాడు. పోలీసు ఉద్యోగం కోసం వచ్చినవాడు లేని చప్పుడుకి వేలెత్తుతాడు. చెవిటివాడినని ధ్రువపత్రం కావలసినవాడు ఉన్న చప్పుడుకి రాయిలా కూర్చుంటాడు గాని కనురెప్ప అదురుతుంది. ఈ రెండూ కాని మామూలు మనిషి, చప్పుడు మరీ సన్నబడినప్పుడు, వేలు సగం ఎత్తి ఆగుతాడు. విన్నానా, విన్నాననుకున్నానా అని తనను తాను అడుగుతాడు. సగం లేచిన ఆ వేలంటే దాలినాయుడికి ప్రాణం. అతను ఒంటరివాడు. ఎవరింటికీ వెళ్లడు, ఎవరినీ రమ్మనడు. మనుషులు తమకు తాము నిజం చెప్పుకునే క్షణాలు తనకు తెలిసినంతలో అవేననీ, వాటిని రోజుకు పది పదిహేను చూస్తున్నవాడికి వేరే స్నేహాల అవసరం లేదనీ అతని నమ్మకం.

సర్క్యులర్ ఇలా ఉంది:

"పౌరులకు తమ శ్రవణేంద్రియముపై సంపూర్ణ సాధికారత కల్పించు సదుద్దేశముతో 'మన చెవి – మన చేతిలో' పథకము ప్రవేశపెట్టబడుచున్నది. ఇకపై ప్రతి పౌరుడును తన వినికిడిని తన ఫోనునందే, తన తీరిక సమయమున, మానవ ప్రమేయము లేకుండ పరీక్షించుకొనవచ్చును. వినికిడి యంత్రముల మంజూరు సదరు ఫలితము ఆధారముగనే జరుగును."

అడుగున పెద్ద అక్షరాల్లో ఒక ప్రశ్న: "మీ చెవి సంగతి మీకన్నా ఎవరికి తెలుసు?"

దాలినాయుడు ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాడు. జవాబు తెలుసు గాని, రాయడానికి కింద చోటు వదల్లేదు.

ఆ వేళకి అతని బల్లమీద ఒకే ఒక్క దరఖాస్తు ఉంది. అది కొల్లి తౌడమ్మది. ఆవిడ అదే ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఆయా. ఊళ్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లలో సగంమందిని మొట్టమొదట గుడ్డలో చుట్టింది ఆవిడే. రెండేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. కిందటి వారం ఏడో మంచం మీదామె నొప్పులతో కేకలు పెడుతుంటే, తౌడమ్మ నాలుగడుగుల దూరంలో అటు తిరిగి దుప్పట్లు మడుస్తూ ఉండిపోయింది. హెడ్ నర్సు సులోచన సిస్టర్ హడలిపోయి సూపరింటెండెంటుకు చెప్పింది. సూపరింటెండెంటు డాక్టర్ కమలాకరం దయగలవాడు. నెలాఖరుదాకా గడువిచ్చాడు. ఈలోగా చెవి మిషన్ తెచ్చుకుంటే సరేసరి, లేకపోతే మార్చురీ డ్యూటీ. అక్కడ ఎవరూ పిలవరు కాబట్టి వినపడకపోయినా ఇబ్బంది ఉండదని ఆయన ఆలోచన.

"శవాలకాడికి నాను పోను బాబూ," అంది తౌడమ్మ పరీక్ష అయ్యాక. తన మాట తనకు అందక గట్టిగా మాట్లాడుతుంది. "ముప్పయ్యేళ్లు వొచ్చినోల్లని ఎత్తుకున్నాను. ఇప్పుడు ఎల్లిపోయినోల్లని తుడవమంతే ఈ సేతులు రావు. ఆ మిసనేదో బేగి రాయించు."

దాలినాయుడు ఆవిడ చెవి దగ్గరకు వంగి, "డెబ్భై వచ్చింది. మిషన్ తప్పకుండా ఇస్తారు," అన్నాడు.

"డెబ్బయ్యా? అయితే పాసయిపోనానా?"

డెబ్భై డెసిబెల్స్ అంటే పక్కన నిలబడి అరిస్తే తప్ప మాట అందదని. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ చెవి చెడ్డది. అదంతా విప్పి చెప్పే ఓపిక లేక, "పాసే," అన్నాడు దాలినాయుడు.

దరఖాస్తు మధ్యాహ్నానికే వెనక్కి వచ్చింది. 'యాప్ ఫలితము జతపరచలేదు' అని ఎర్రసిరాతో రాసి ఉంది.

*

పథకం నోడల్ అధికారి పేరు భార్గవరామ్. ఇస్త్రీ నలగని మనిషి. ఆసుపత్రి సమావేశపు హాల్లో సిబ్బందినంతా కూర్చోబెట్టి ఆయన అవగాహన కల్పించాడు.

"మనం ఇన్నాళ్లూ చేసిందేమిటి?" అని అడిగాడు. "ఒక పౌరుణ్ణి గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, అద్దంలోంచి గుచ్చిగుచ్చి చూస్తూ, వినపడుతోందా లేదా అని నిలదీశాం. దీన్ని పరీక్ష అంటారా, విచారణ అంటారా? పౌరుడి చెవికీ ప్రభుత్వానికీ మధ్య మూడో మనిషి దేనికి?"

మూడో మనిషి వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

భార్గవరామ్ ఫోను తెర గోడమీద పడేలా చేశాడు. తెరమీద ఒక పెద్ద చెవి బొమ్మ. 'కుయ్' మని సన్నటి చప్పుడు వచ్చింది. అదే క్షణంలో చెవి మధ్యన పచ్చటి దీపం వెలిగింది. ఆయన దీపాన్ని నొక్కాడు. మళ్లీ చప్పుడు, మళ్లీ దీపం, మళ్లీ నొక్కుడు.

దాలినాయుడు లేచాడు. "సార్, చప్పుడుతోబాటు ఆ పచ్చదీపం ఎందుకండీ?"

"మంచి ప్రశ్న. ప్రభుత్వ యాప్‌లన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్నది నిబంధన. యాప్‌లో ఏ శబ్దం వచ్చినా దానికి సమానమైన దృశ్య సంకేతం ఉండి తీరాలి. లేకపోతే వినికిడి లోపం ఉన్నవాళ్లు దాన్ని వాడలేరు కదా."

"వినికిడి పరీక్షలో కూడానా అండీ?"

"ముఖ్యంగా వినికిడి పరీక్షలోనే. వినపడనివాళ్లు అందరికన్నా ఎక్కువగా వాడేది దాన్నే."

హాలంతా చప్పట్లు కొట్టింది. దాలినాయుడు చుట్టూ చూశాడు. డాక్టర్లు కొడుతున్నారు, నర్సులు కొడుతున్నారు, మత్తుమందు నిపుణుడు నిద్రలోంచి లేచి కొడుతున్నాడు. ఇంతమందికి తోచినది తనకొక్కడికే తోచలేదంటే లోపం తనలోనే ఉండొచ్చుననిపించింది. రెండు చప్పట్లు కొట్టి కూర్చున్నాడు.

మర్నాడు వరండాలో బెంచీమీద తౌడమ్మ సులోచన సిస్టర్ ఫోను ఒళ్లో పెట్టుకుని స్వయంగా తన వినికిడిని పరీక్షించుకుంది. దీపం వెలిగితే నొక్కమని సిస్టర్ చేత్తో చూపించింది. ముప్పై దీపాలు వెలిగాయి, తౌడమ్మ ముప్పై సార్లు నొక్కింది. చివర తెరమీద పువ్వుల వాన కురిసింది. 'అభినందనలు! మీ వినికిడి నూటికి నూరు!'

"వినపడిందా?" అని దాలినాయుడు ఆవిడ చెవిలో అరిచాడు.

"నేదు బాబూ. కనపడింది."

"మరి ఎందుకు నొక్కావు?"

"ఎలిగితే నొక్కమన్నారు. ఎలిగింది, నొక్కీసినాను. నొక్కకపోతే తప్పు గదేటి?"

పక్కనున్న సులోచన సిస్టర్ ముఖం తిప్పుకుంది. "నేను కూడా చేశానండీ," అంది మెల్లగా. "అప్పుడు ఫోను చప్పుడు ఆపేసి ఉంది. నాకూ నూరే వచ్చింది."

దాలినాయుడు దరఖాస్తు పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లాడు. డాక్టర్ కమలాకరం కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. బాధ కలిగినప్పుడు ఆయన చేసే పని అది.

"నూరు వచ్చిన చెవికి మిషన్ ఎలా ఇస్తానయ్యా? ఇవ్వకపోవడం అలా ఉంచు, ఇంకో చిక్కొచ్చి పడింది. ఇన్నాళ్లూ పిలిస్తే పలకలేదంటే పాపం వినపడలేదనుకున్నాం. నూటికి నూరు చెవులున్న మనిషి పలకకపోతే దాన్నేమంటారు?"

"ఏమంటారండీ?"

"నిర్లక్ష్యం అంటారు. మెమో తయారవుతోంది. నెలాఖరున మార్చురీకి పంపక తప్పదు."

మార్చురీ మారలేదు, నెలాఖరూ మారలేదు. నిన్నటిదాకా తౌడమ్మకది సౌకర్యం, ఇవాళ్టినుంచి శిక్ష.

*

దాలినాయుడు జీవితంలో మొదటిసారి పైవాళ్లకు ఉత్తరం రాశాడు. పచ్చదీపం వల్ల కళ్లున్న ప్రతివాడికీ చెవులున్నట్టు తేలుతోందని విన్నవించుకున్నాడు. జవాబు మూడు రోజుల్లో వచ్చింది. ఏ పద్ధతి ఎంత నమ్మదగినదో తేల్చడానికి తులనాత్మక అధ్యయనం జరుపుతామనీ, ఫిర్యాదులో పేర్కొన్న తౌడమ్మనే ఐదు రోజులపాటు రోజుకొకసారి యాప్‌తోనూ ఒకసారి దాలినాయుడి చేతనూ పరీక్షించి, రెండు ఫలితాలనూ కమిటీ ముందుంచాలనీ ఆదేశం.

యాప్ ఐదు రోజులూ నూరే చెప్పింది.

దాలినాయుడికి మొదటి రోజు డెబ్భై వచ్చింది. రెండో రోజు డెబ్భై అయిదు. మూడో రోజు డెబ్భై. నాలుగో రోజు డెబ్భై. ఐదో రోజు తౌడమ్మ కుర్చీలో కూర్చుని కళ్లు అరమోడ్చి, డెబ్భై దగ్గర వేలు సగం ఎత్తి, దించేసింది. డెబ్భై అయిదు దగ్గర పూర్తిగా ఎత్తింది.

పెన్సిలు కాగితం మీద ఆగింది. ఈ రంగంలో ఐదు తేడా తేడాయే కాదు. ఏ పుస్తకం చదివినా ఆ మాటే ఉంటుంది. డెబ్భై అని వేస్తే ఎవరూ అడగరు. పైగా అతను బాగా ఆలోచించి చూశాడు: రెండో రోజు అంకెను కూడా దిద్ది ఐదుసార్లూ డెబ్భై అని రాస్తే తను నమ్మదగినవాడవుతాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తే నమ్మరానివాడవుతాడు. అబద్ధానికి ఇంత నిలకడ ఉందని ఇరవై ఏడేళ్లలో అతనికెప్పుడూ తట్టలేదు. అద్దంలో చూస్తే అవతల తౌడమ్మ కనపడింది, ఆవిడమీద పడి తన నీడ కూడా లీలగా కనపడింది. ఆ నీడ చేతిలో పెన్సిలు సగం లేచి ఉంది. కాసేపు అలాగే చూసి, డెబ్భై అయిదు అని రాశాడు.

కమిటీ అంటే భార్గవరామ్, డాక్టర్ కమలాకరం, ఇద్దరికీ మధ్యన ఒక బిస్కెట్ల పళ్లెం.

"విశ్వసనీయత అంటే ఏమిటి?" అని భార్గవరామ్ మొదలుపెట్టాడు. "ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు రావడం. యాప్ చూడండి. నూరు, నూరు, నూరు, నూరు, నూరు. శిలాశాసనం! ఇప్పుడు దాలినాయుడుగారి పద్ధతి చూడండి. ఒకే మనిషి, ఒకే చెవి, ఒకే గది. సోమవారం డెబ్భై, మంగళవారం డెబ్భై అయిదు. మంగళవారం ఆ చెవికి ఏమైందండీ?"

"ఏం కాలేదండీ. ఆవిడ ఊపిరి తీసుకుంటుంది, గుటక వేస్తుంది, ఇంటిదగ్గర సంగతేదో గుర్తొస్తుంది. ఆ అయిదూ మనిషివండీ."

"అంటే మీ ఫలితాల్లో మనిషి కలుస్తున్నాడని మీరే ఒప్పుకుంటున్నారు." భార్గవరామ్ గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకోండి. సాంప్రదాయిక పద్ధతిలో మానవ కల్తీ గుర్తించడమైనది."

"ఊపిరి తియ్యకుండా పరీక్షించే ఏర్పాటు ఏదైనా ఉందేమో చూడకూడదా, నాయుడూ?" అని డాక్టర్ కమలాకరం నిజమైన సానుభూతితో అడిగాడు.

తీర్పు ఆ పూటే టైపయింది. స్వీయ పరీక్ష సంపూర్ణ విశ్వసనీయము. సాంప్రదాయిక పరీక్ష చంచలము. వచ్చే నెల ఒకటో తేదీనుంచి మూగగదిని పథకం పోస్టర్లు భద్రపరచడానికి వినియోగించాలి.

ఈలోగా జిల్లా మొత్తం తన చెవులను తన చేతుల్లోకి తీసుకుంది. బధిరుల పాఠశాలలో నూట నలభై మందికీ నూటికి నూరు వచ్చింది. వాళ్ల చూపు చురుకు కాబట్టి వేగంలో కూడా వాళ్లే ముందున్నారు. పాఠశాల బోర్డుమీద 'మాజీ' అన్న మాట చేర్చారు. అంధుల పాఠశాల పిల్లలు మాత్రం మూకుమ్మడిగా తప్పారు. వాళ్లకు ఇంత చెవుడు ఉన్నట్టు ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేకపోయారని భార్గవరామ్ ఒక పత్రికా ప్రకటనలో విచారం వెలిబుచ్చి, అందరికీ మిషన్లు మంజూరు చేశాడు.

*

దాలినాయుడికి ఒక ఉపాయం తట్టింది. సిగ్గుపడేంత చిన్న ఉపాయం.

"ఈసారి కళ్లు మూసుకుని చెయ్యి," అన్నాడు తౌడమ్మ చెవి దగ్గర.

"కల్లు మూసుకుంతే దీపం ఎలాగ కనపడతాది బాబూ?"

"కనపడకూడదు. అందుకే."

తౌడమ్మ గట్టిగా కళ్లు మూసుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు భక్తిగా కూర్చుంది. ముప్పై దీపాలు వెలిగి ఆరిపోయాయి. ఒక్కటీ నొక్కలేదు. తెరమీద సున్నా వచ్చింది. దాలినాయుడు ఫోను మీదికి వంగాడు. సున్నా కింద సన్నటి అక్షరాలు మెల్లగా తేలాయి.

'మీరు సంకేతములను గుర్తించలేకపోవుచున్నారు. మీ చెవులు ఇదివరకే పలుమార్లు నూటికి నూరుగా నమోదైనందున, లోపము మీ కంటియందున్నట్లు నిర్ధారించడమైనది. కంటి విభాగమును సంప్రదించి కళ్లజోడు పొందువరకు మీ ఖాతా నిలిపివేయబడినది.'

కంటి విభాగం కిందనే ఉంది. వయసు కారణంగా తౌడమ్మకు దగ్గరి చూపు నిజంగానే కొంచెం మందగించింది. రెండు రోజుల్లో కళ్లజోడు చేతికొచ్చింది. నిలిపివేసిన ఖాతా తెరుచుకోవాలంటే మళ్లీ పరీక్ష చేసుకోవాలి. కళ్లజోడు పెట్టుకుని చేసుకుంది. దీపం ఇలా వెలగడం ఆలస్యం, తౌడమ్మ వేలు అక్కడ ఉంది.

ఆ సాయంత్రం నాలుగింటికి దాలినాయుడి గదిలో ఫోను మోగింది. జిల్లాలో పరీక్షించుకున్న లక్షా పన్నెండు వేలమందిలో, నొక్కిన వేగాన్ని బట్టి, అత్యంత చురుకైన చెవులు కొల్లి తౌడమ్మవని తేలింది. ఇరవై ఎనిమిదో తేదీన 'బధిరరహిత జిల్లా' ప్రకటన సభలో స్వయంగా కలెక్టరు చేతులమీదుగా ఆవిడకు 'శ్రవణరత్న' బిరుదు.

"జోడు బాగుంది బాబూ," అంది తౌడమ్మ. "దీపం పువ్వులాగుంది. అయితేమాత్రం మిసను ఎప్పుడిత్తారు?"

 

*

సభ పురపాలక కల్యాణమండపంలో జరిగింది. తౌడమ్మను మొదటి వరుసలో, కుడివైపు చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త చీర, కొత్త కళ్లజోడు. మైకులో వస్తున్న మాటలు ఆవిడకు ఒక మోతలా అందుతున్నాయి తప్ప మాటల్లా అందడం లేదు. అందరూ నవ్వితే నవ్వుతోంది, అందరూ కొడితే చప్పట్లు కొడుతోంది.

కలెక్టరు కొత్తగా వచ్చినామె. చిన్న వయసు, సన్నటి గొంతు. శ్రవణరత్నను పిలవాల్సిన సమయం రాగానే ఆమె మైకును పక్కకు జరిపింది.

"ఇంత మంచి చెవులున్నావిడని పిలవడానికి మైకెందుకు?" అని నవ్వి, "తౌడమ్మగారూ, రండి," అంది.

సభ ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. తౌడమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

"తౌడమ్మగారూ!"

జనం మెడలు సాచి ఎవరా అని వెతుకుతున్నారు. తౌడమ్మ కూడా వెనక్కి తిరిగి, పిలిపించుకుని లేవని ఆ పెద్దమనిషెవరా అని వరుస వరుసా వెతికింది. వెతుకుతూ, గోడవార నిలబడి ఉన్న దాలినాయుడిని చూసింది. ఎవరిని, అన్నట్టు కనుబొమలెగరేసింది.

అతను ఒక్క వేలు ఎత్తితే చాలు. తల కొంచెం ఊపితే చాలు. ఆవిడ లేచి వెళ్లి శాలువా కప్పించుకుని వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ఎల్లుండి మార్చురీకి పోతుంది. ఎత్తకపోతే ఇంతమంది ముందు అభాసుపాలవుతుంది. మీట నొక్కేటప్పుడు ఒళ్లు కదలకుండా ఉంచడం అతనికి ఇరవై ఏడేళ్ల విద్య. అది అంత బరువైన పని అని మాత్రం ఆ పూటే తెలిసింది. దాలినాయుడు నేలమీద గచ్చు గళ్లు చూస్తూ నిలబడ్డాడు. భుజం కదలలేదు, రెప్ప కదలలేదు.

"తౌడమ్మగారూ!" కలెక్టరు మూడోసారి పిలిచింది. ఈసారి నవ్వులేదు.

భార్గవరామ్ చటుక్కున మైకు అందుకున్నాడు. "శ్రవణరత్న తౌడమ్మగారు అనివార్య కారణాలవల్ల సభకు హాజరు కాలేకపోయారు. వారి తరఫున నేను ఈ సన్మానాన్ని వినమ్రంగా స్వీకరిస్తున్నాను," అని శాలువా కప్పించుకుని, ఫొటో తీయించుకున్నాడు. తౌడమ్మ ఆ అదృష్టవంతుడికి మనసారా చప్పట్లు కొట్టింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. శాలువాతో భార్గవరామ్, పక్కన కలెక్టరు. వేదిక కింద, ఫొటో అంచున, కళ్లజోడుతో స్పష్టంగా తౌడమ్మ.

*

పది గంటలకల్లా కలెక్టరాఫీసునుంచి లేఖ వచ్చింది. డాక్టర్ కమలాకరం కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, ఉత్తరం కనపడక మళ్లీ పెట్టుకున్నాడు. గదిలో భార్గవరామ్ ఉన్నాడు. సాంకేతిక సలహా కోసమని దాలినాయుడినీ పిలిపించారు.

"'సన్మానగ్రహీత మొదటి వరుసయందు ఆసీనురాలై ఉండియు, కలెక్టరువారు ముమ్మారు పిలిచినను లేవకుండుటకు గల కారణములను ఈ సాయంత్రములోగా తెలుపవలెను.'" సూపరింటెండెంటు కాగితం కింద పెట్టాడు. "రాలేదని రాద్దామంటే ఫొటో ఉంది."

"వచ్చారు, విన్నారు, లేవలేదు. అంతే," అన్నాడు భార్గవరామ్. "క్రమశిక్షణా చర్య తీసుకోండి."

"విని లేవలేదంటే కలెక్టరుగారిని నిండుసభలో ధిక్కరించినట్టు. అంతటి ధిక్కారం గల మనిషిని సన్మానానికి ఎంపిక చేసిందెవరని అడుగుతారు."

భార్గవరామ్ ఇస్త్రీలో మొదటి మడత పడింది.

"ఎంపిక చేసింది యాప్ కదా," అన్నాడు.

"సంతకం ఎవరిది?"

దాలినాయుడు ఎవరివైపూ చూడకుండా, "వినపడలేదని రాయొచ్చండీ," అన్నాడు.

"అలా ఎలా రాస్తామండీ?" భార్గవరామ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఆవిడకి వినపడలేదంటే యాప్ తప్పినట్టు. యాప్ తప్పితే లక్షా పన్నెండు వేల చెవులు తప్పినట్టు. నిన్ననే జిల్లాను ప్రకటించాం."

"యాప్ తప్పలేదండీ. యాప్‌లో ఉన్న ముప్పై చప్పుళ్లకీ ఆవిడ చెవులు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ ముప్పయ్యిట్లో కలెక్టరుగారి గొంతు లేదు."

గదిలో ఇద్దరు అధికారులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భార్గవరామ్ మెల్లగా కూర్చున్నాడు. మడత సర్దుకుంది.

"అంటే," అన్నాడు ఆయన, ఒక్కొక్క మాటే రుచి చూస్తూ, "సదరు ఉద్యోగినికి సాధారణ శ్రవణశక్తి సంపూర్ణముగా ఉన్నప్పటికిని, ఉన్నతాధికారుల స్వరమునకు సంబంధించి ప్రత్యేక లోపము..."

"ప్రత్యేక పాక్షిక లోపము," అన్నాడు డాక్టర్ కమలాకరం.

"...కలదు. అందుచే అవిధేయత లేదు."

"లేదు. నాయుడూ, ఈ లోపానికి యాప్‌లో పరీక్ష ఉందా?"

"లేదండీ. పాత గదిలోనే చెయ్యాలి."

"అయితే ఇప్పుడే చెయ్యి. ఎంత వస్తే మంచిది?"

"ఎంత వస్తే అంత వస్తుందండీ," అన్నాడు దాలినాయుడు.

డెబ్భై వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు రెండు చెవులకూ మిషన్లు మంజూరయ్యాయి. ఉద్దేశము అన్న గడిలో 'కలెక్టరువారి స్వరము ఆలకించు నిమిత్తము' అని రాశారు. కాన్పుల వార్డులో విధులు యథాతథం. యాప్‌లో ఉన్నతాధికారుల స్వరాలు చేర్చేవరకూ మూగగదిని తాత్కాలికంగా కొనసాగించవచ్చుననీ, పోస్టర్లను కూడా అందులోనే ఉంచాలనీ ఇంకో కాగితం వచ్చింది.

*

తరవాత నాలుగు రోజులు తౌడమ్మ కనపడలేదు. ఐదో రోజు దాలినాయుడు మూగగదిలో నేలమీద కూర్చుని, కుర్చీ మీదికి పడిపోతున్న పోస్టర్ల కట్టలను గోడవారకి పేరుస్తున్నాడు. తలుపు తెరిచే ఉంది. పని చేతులు చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం కల్యాణమండపంలో గోడవారనే నిలబడి ఉంది. ఆ రోజు నేను వేలెత్తి ఉంటే ఆవిడ లేచి ఉండేది, అనుకున్నాడు. ఎత్తలేదు. అంతమందిలో ఆవిడని వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టాను. మిషన్ వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే నేనేమయ్యేవాడిని?

"ఏటవుతారు బాబూ, ఏటీ అవరు," అంది గుమ్మంలోంచి తౌడమ్మ.

ఉలిక్కిపడి తిరిగాడు. రెండు చెవుల వెనకా మిషన్లు, ముక్కుమీద కళ్లజోడు. ఆవిడ గొంతు మామూలు మనుషుల గొంతంత తగ్గిపోయి ఉంది.

"ఎప్పుడొచ్చావు? ఎలా ఉంది మిషన్?"

"బాగుంది గానీ, పిల్లలు ఇంత గోల సేత్తారేటి బాబూ? సెవులు గింగిర్లు తిరిగిపోతన్నాయి." ముఖమంతా నవ్వుతూ పోస్టర్ల కట్టమీద కూర్చుంది. "నిన్న ఒకత్తి కవలల్ని కన్నాది. రెండోది ముందు ఏడవనేదు. అందరూ కంగారు పడిపోనారు. నాను యిన్నాను, సన్నగా కుయ్ మంది. బతికుందమ్మా అని అందరికంతే ముందు నానే అన్నాను."

దాలినాయుడు చేతిలోని కట్ట కింద పెట్టాడు.

"అందుకే సెప్తన్నాను," అంది తౌడమ్మ. "ఆ రోజు ఏలు ఎత్తకపోడమే మంచిదయ్యింది. తవరు దానికోసం అలగ బాదపడకండి."

"నేను బాధపడుతున్నానని నీకెవరు చెప్పారు?"

"ఇప్పుడు తవరే అన్నారు గదా. వరండాలోంచి యింతూ వొచ్చాను. ఏలు ఎత్తనేదని, యెర్రిదాన్ని సేసి కూకోబెట్టానని."

"అనలేదే. అనుకున్నాను."

"పైకే అనుకున్నారు బాబూ."

అతను గోడల మీది చిల్లుల అట్టను చూశాడు. ఇరవై ఏడేళ్లు. రోజుకు పది పదిహేనుమంది. ఒక్కొక్కరి ముఖమూ గుర్తుచేసుకోబోయాడు, తన గురించి ఏమేం అనుకున్నాడో, వాళ్ల గురించి ఏమేం అనుకున్నాడో, అదంతా ఏ గొంతుతో అనుకున్నాడో. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి సరిగ్గా వినపడదు.

"తౌడమ్మా," అన్నాడు, "నేనిలా పైకి మాట్లాడుకోవడం ఎప్పట్నుంచి?"

"నాకేటి తెలుసు బాబూ?" అంది తౌడమ్మ. "మొన్నటిదాకా నాకు యినపడదు గదా."